‘పి’ లేని ఆటోమేటిక్

నైఫ్‌లో అద్దెకు ఇల్లు దొరకడం ఒక ఎత్తు, దొరికిన ఇంటి దగ్గర కారు పెట్టుకోవడానికి చోటు దొరకడం మరో ఎత్తు. సాయంత్రం ఏడు దాటాక బనియాస్ స్క్వేర్ నుంచి నైఫ్ రోడ్డులోకి మళ్ళి, ఒక సిక్కాలోంచి ఇంకో సిక్కాలోకి మూడు నాలుగు ప్రదక్షిణలు చేసి, ఎవరైనా షాపు కట్టేసి బయలుదేరుతుంటే వారి వెనకాలే సిగ్నల్ వేసుకుని ఓపిగ్గా నిలబడటం మన సభ్యుల్లో చాలామందికి నిత్య పూజావిధానం. ఈ పేటకు పేరు తెచ్చిన నైఫ్ కోటను 1939లో కట్టారు. 1956లో దుబాయ్ పోలీసు శాఖ పుట్టినప్పుడు తొలి కార్యాలయం అందులోనే పెట్టారు. అప్పటి సందులు మనుషుల కోసం, గాడిదల కోసం, తోపుడు బళ్ళ కోసం. ఇంటికి రెండు కార్లుండే రోజులొస్తాయని వాళ్ళు ఊహించి ఉండరు.

అయితే ఈ వ్యాసం చోటు కొరత గురించి కాదు. ఆ చోటు దొరికాక మన చెయ్యి చేసే పని గురించి. ఇక్కడ మనం నడిపే కార్లలో ఎక్కువ భాగం పూర్తి ఆటోమేటిక్. గళ్ళ మధ్యలో కారు నిలిపి, గేరు కడ్డీని ‘పి’లోకి తోసి, ఇంజను ఆపి దిగిపోతాం. నేల చదునుగా ఉంటుంది కనుక హ్యాండ్ బ్రేకు సంగతి చాలామందికి గుర్తే ఉండదు. పదేళ్ళూ పదిహేనేళ్ళూ ఇలా చేసేసరికి, బుర్రతో నిమిత్తం లేకుండా చెయ్యి తనంతట తానే ఆ పని చేసేస్తుంది.

ఇక జులైలో సెలవులకు శంషాబాద్‌లోనో గన్నవరంలోనో దిగుతాం. తమ్ముడో బావమరిదో కొత్త చిన్నకారు తాళాలు చేతిలో పెట్టి, “ఆటోమేటిక్కే తీసుకున్నాం బావా, నువ్వొచ్చినప్పుడు ఇబ్బంది ఉండకూడదని!” అంటాడు. ఎంత ప్రేమ! నిజంగానే ఆ కారులో క్లచ్ పెడలు ఉండదు. కానీ గేరు కడ్డీ పక్కన చూస్తే ఆర్, ఎన్, డి, ఎం అనే నాలుగు అక్షరాలే కనిపిస్తాయి. ‘పి’ ఉండదు. ‘పి’ కోసం వెతికిన చెయ్యి దొరక్క ‘ఎన్’ దగ్గర ఆగిపోతుంది. అంటే న్యూట్రల్‌లో. ఇంజను ఆపి దిగిపోతాం. అసలు ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

మిత్రుడొకాయనకు విజయవాడలో ఇదే జరిగింది. అపార్ట్‌మెంటు ముందు కొద్దిపాటి వాలు, కంటికి సరిగా కనిపించనంత వాలు. ఆయన ‘ఎన్’లో పెట్టి, హ్యాండ్ బ్రేకు రెండు కిర్రుల దాకా లాగి, డిక్కీలోంచి సామాను తీయడానికి దిగారు. కారు నెమ్మదిగా, చప్పుడు లేకుండా కదిలి, గేటు పక్కనున్న స్కూటరును గోడకు ఆనించి నొక్కేసింది. ఆ స్కూటరు మీద అప్పటిదాకా ఒక కుర్రవాడు కూర్చుని ఉన్నాడు. ఐస్‌క్రీము బండి గంట వినపడి లేచి వెళ్ళాడు గనుక బతికిపోయాడు. కారులో లోపం ఏమీ లేదు. అది చేయాల్సిన పనే చేసింది. అది ఎలాంటి యంత్రమో తెలిస్తే ఆ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది.

పేరు ఆటోమేటిక్, లోపల మాన్యువల్

ఆటోమేటిక్ అనే ఒకే పేరు కింద ఈరోజు బజారులో వేర్వేరు యంత్రాలు తిరుగుతున్నాయి. వాటిలో మనకు తరచు తగిలేవి మూడు.

మొదటిది టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకదానికే స్విచ్ వేయండి. దాని గాలికి రెండోది కూడా తిరుగుతుంది. గాలి బదులు నూనె ఉందనుకోండి, అదే టార్క్ కన్వర్టర్. ఇంజనుకూ గేర్లకూ మధ్య నూనె ఉంటుంది కనుక కదలిక మెత్తగా ఉంటుంది. రెండోది సీవీటీ. ఇందులో మెట్లు మెట్లుగా గేర్లు ఉండవు. రెండు చక్రాలు, వాటి మధ్య బిగువైన పట్టా ఉంటాయి. మన ఊళ్ళో పిండి మర పట్టా గుర్తు తెచ్చుకోండి. ఆ చక్రాల వ్యాసం అవసరాన్ని బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటే ఎలా ఉంటుందో, అదే సీవీటీ.

మూడోది మన కథానాయకుడు, ఏఎంటీ. పూర్తి పేరు ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్. పేరులోనే గుట్టంతా ఉంది. ఇది మాన్యువల్ గేరుబాక్సే. మనం డ్రైవింగ్ నేర్చుకున్న రోజుల్లో ఎడమకాలితో తొక్కిన క్లచ్చే, మనం మార్చిన పళ్ళచక్రాలే లోపల ఉన్నాయి. తేడా ఒక్కటే. తొక్కే కాలు, మార్చే చెయ్యి మనవి కావు. ఆ రెండు పనులకూ కంపెనీవారు ఒక చిన్న యంత్రాన్ని నౌకరీకి పెట్టారు.

ఆ నౌకరు చేసే పని

క్లచ్ అంటే ఒకదానికొకటి గట్టిగా ఒత్తుకుని కలిసి తిరిగే పళ్ళాలు. ఒత్తుకుని ఉన్నంతసేపు ఇంజను బలం చక్రాలకు చేరుతుంది. వాటిని విడదీస్తే ఇంజను దాని మానాన అది తిరుగుతుంది, చక్రాలు వాటి మానాన అవి. గేరు మార్చాలంటే ముందు విడదీయాలి, తరువాత మార్చాలి, మళ్ళీ నెమ్మదిగా కలపాలి.

ఏఎంటీలో ఈ పనంతా ఒక కంప్యూటరు పెట్టె చూసుకుంటుంది. కారు వేగం ఎంత, ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతోంది, మీరు యాక్సిలరేటరు ఎంత తొక్కారు, బ్రేకు మీద కాలుందా లేదా, ఇప్పుడు ఏ గేరు పడి ఉంది అన్నవన్నీ సెన్సర్ల ద్వారా దానికి ఎప్పటికప్పుడు అందుతుంటాయి. మార్చే సమయం వచ్చిందని తోచగానే అది ముందు ఇంజను బలం తగ్గిస్తుంది. క్లచ్ విడదీస్తుంది. పాత గేరు తీస్తుంది. కొత్తది వేస్తుంది. క్లచ్ కలుపుతుంది. కండబలం కావలసిన పనులకు చాలా కార్లలో ఒక చిన్న విద్యుత్ పంపు, అది ఒత్తిడితో నిల్వచేసే నూనె, ఆ నూనెను అటూ ఇటూ పంపే కవాటాలు ఉంటాయి. డ్రైవరు తలుపు తీయగానే కొన్ని కార్లలో ‘జుయ్’మని సన్నటి చప్పుడు వినిపిస్తుంది. అది ఈ పంపు ఒత్తిడి నింపుకుంటున్న శబ్దం. కారు పాడైందని కంగారు పడనక్కరలేదు.

గేరు మారేటప్పుడు క్షణకాలం బలం ఆగిపోవడం వల్ల ముందు సీటులో మన తల ఒకసారి ఊగుతుంది. సంగీత కచేరీలో రసికుడిలా ఈ తల ఊపడం ఏఎంటీకి పుట్టుకతో వచ్చిన లక్షణం. మాన్యువల్‌లో అయితే మనమే మార్చుతాం గనుక మన శరీరం ముందే సిద్ధపడి ఉంటుంది. ఇక్కడ మార్చేది ఇంకొకరు. గేరు మారబోతోందని చెవికి తెలిసినప్పుడు యాక్సిలరేటరు మీద కాలు కొంచెం తేలిక చేస్తే ఆ కుదుపు చాలావరకు తగ్గుతుంది.

ఈ తల ఊపుడును మనవాళ్ళు ఎందుకు భరిస్తున్నారంటే, లెక్క తేలిక గనుక. మాన్యువల్‌తో పోలిస్తే సుమారు అర లక్ష రూపాయలు ఎక్కువ పెడితే ఏఎంటీ వస్తుంది. మధ్యలో నూనె జారుడు లేదు కనుక పెట్రోలు వృథా కాదు. 2014లో మారుతి సెలెరియో ఏఎంటీతో వచ్చినప్పుడు కంపెనీ ప్రకటించిన మైలేజీ మాన్యువల్‌కూ దానికీ ఒకటే, లీటరుకు 23.1 కిలోమీటర్లు. భారతదేశంలో సామాన్యుడి చిన్నకారులోకి ఏఎంటీ అడుగుపెట్టింది ఆ కారుతోనే. ఆ యంత్రాంగం ఇటలీ సంస్థ మాగ్నెటీ మారెల్లిది. అదే ఏడాది ఆల్టో కె10, టాటా జెస్ట్ డీజిల్, మరుసటేడు నానో, 2016లో క్విడ్ ఆ బాట పట్టాయి.

ఇది కొత్తగా పుట్టిన విద్యేమీ కాదు. జపానులో ఇసుజు కంపెనీ 1984లోనే తన ఆస్కా కారులో ఇలాంటిది పెట్టింది. 1989లో బ్రెజిల్ ఫార్ములా వన్ పందెంలో నైజెల్ మాన్సెల్ గెలిచిన ఫెరారీలో క్లచ్ తొక్కకుండా గేర్లు మార్చే ఏర్పాటు ఉంది. పందెపు కారు కోసం పదును పెట్టిన ఉపాయం పాతికేళ్ళకు మన బావమరిది ఆల్టోలోకి వచ్చి కూర్చుందంటే, ఇంజనీరుగా నాకు ఎంతో ముచ్చటగా ఉంటుంది.

‘పి’ చేసే పని ఎవరు చేయాలి?

ఇక అసలు విషయానికి వద్దాం. మామూలు ఆటోమేటిక్‌లో ‘పి’లో పెట్టినప్పుడు గేరుబాక్సు లోపల ఒక ఉక్కు కొక్కెం దిగి, చక్రాలవైపు వెళ్ళే ఇరుసు మీదున్న గాడిలో పడుతుంది. తలుపుకు గడియ వేసినట్టే. ఇంజను నడుస్తున్నా ఆగినా ఆ గడియ గడియే.

ఏఎంటీలో సాధారణంగా ఈ కొక్కెం ఉండదు. లోపలున్నది మాన్యువల్ గేరుబాక్సు గదా! మాన్యువల్ కారును వాలు మీద ఆపేటప్పుడు మన పెద్దలు ఏం చేసేవారు? గేరులో వదిలేసేవారు. ఇక్కడా అంతే. గేరు పడి ఉంటే చక్రాలు ఇంజనుతో ముడిపడి ఉంటాయి. చక్రం తిరగాలంటే ఇంజనులోని పిస్టన్లు కదలాలి, అవి కదలాలంటే సిలిండర్లలోని గాలిని నొక్కాలి. సైకిలు పంపు చివర బొటనవేలు అడ్డుపెట్టి కొట్టి చూడండి, ఆ గాలి ఎంత ఎదురు తిరుగుతుందో తెలుస్తుంది. ఆ ఎదురుబలమే కారును పట్టి ఉంచుతుంది.

ఇక్కడొక అనుమానం రావచ్చు. ఇంజను ఆపేస్తే క్లచ్ విడిపోదా అని. ఎక్కువ ఏఎంటీలలో క్లచ్‌ను కలిపి ఉంచేది బలమైన స్ప్రింగు, విడదీసేది నూనె ఒత్తిడి. ఇంజను ఆపగానే ఒత్తిడి తప్పుకుంటుంది, స్ప్రింగు తన పని తాను చేసి క్లచ్‌ను కలిపి ఉంచుతుంది. కాబట్టి ‘డి’లో ఆపితే మొదటి గేరులోనూ, ‘ఆర్’లో ఆపితే రివర్సు గేరులోనూ కారు కట్టుబడి ఉంటుంది. ‘ఎన్’లో ఆపితే చక్రాలకూ ఇంజనుకూ ఏ సంబంధమూ ఉండదు. అప్పుడు కారును ఆపేది హ్యాండ్ బ్రేకు ఒక్కటే. అది రెండు కిర్రులే లాగి ఉంటే ఏమవుతుందో విజయవాడ స్కూటరును అడగాలి.

అలాగని గేరు ఒక్కటే నమ్ముకోకూడదు. సిలిండర్లలో నొక్కిన గాలి మెల్లమెల్లగా కారిపోతుంది, నిటారు వాలు మీద కారు కొద్దికొద్దిగా దిగవచ్చు. హ్యాండ్ బ్రేకు ఒక్కటే నమ్ముకుంటే దాని తీగె సాగవచ్చు. రెండూ కలిసి ఉంటే ఒకటి తప్పినా మరొకటి కాపాడుతుంది. సొంత కారు అయినా ఎరువు కారు అయినా ఈ వరస కంఠతా పట్టండి.

ఒకటి. బ్రేకు పెడలు గట్టిగా తొక్కి కారును పూర్తిగా ఆపండి.
రెండు. గేరును ‘ఎన్’లోకి తెచ్చి హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగండి.
మూడు. బ్రేకు పెడలు ఒక్క క్షణం సడలించి, కారు బరువు హ్యాండ్ బ్రేకు మీద కుదురుకుందో లేదో చూడండి. కదిలితే ఇంకా లాగాలన్నమాట.
నాలుగు. మళ్ళీ బ్రేకు తొక్కి, కారు ముక్కు ఎగువకు ఉంటే ‘డి’, దిగువకు ఉంటే ‘ఆర్’ వేయండి. చదును నేలైతే ఏదైనా ఒకటే.
ఐదు. డాష్‌బోర్డు మీద ఆ గేరు పడినట్టు గుర్తు స్థిరంగా కనిపించాక ఇంజను ఆపండి. ఆ తరువాతే బ్రేకు మీది కాలు తీయండి.

ఐదో మాటకు కారణం ఉంది. ఏఎంటీలో కడ్డీ కదపడమంటే గేరు మార్చడం కాదు, గేరు మార్చమని అర్జీ పెట్టుకోవడం. అసలు మార్చేది లోపలి నౌకరు. దానికి అర సెకనో ఒక సెకనో పడుతుంది. గుర్తు ఆడుతోందంటే అర్జీ ఇంకా మంజూరు కాలేదన్నమాట. ఇక చాలా కార్లు ‘ఎన్’లో ఉండి, బ్రేకు తొక్కి ఉంటేనే స్టార్టు అవుతాయి. కనుక మర్నాడు బయలుదేరేటప్పుడు ముందు బ్రేకు తొక్కాలి, తరువాతే ‘ఎన్’లోకి రావాలి. బ్రేకు తొక్కకుండా కడ్డీతో పని పెట్టుకోవద్దు. కారు కారుకూ చిన్న తేడాలుంటాయి గనుక గ్లవ్ బాక్సులో ఉన్న పుస్తకం ఒకసారి తిరగేయడం మేలు. మన ఇళ్ళలో ఆ పుస్తకం ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా భద్రంగా ఉంటుంది!

ఇంజను నడుస్తుంటే అది పార్కింగ్ కాదు

ఇక్కడ మనకు ఇంకో అలవాటుంది. బక్కాలా ముందు ‘పి’లో పెట్టి, ఏసీ కోసం ఇంజను అలాగే వదిలి, పిల్లల్ని లోపలే ఉంచి, పెరుగు డబ్బా కోసం పరుగెత్తడం. ఇది ఏ కారులోనూ మంచిది కాదు. ఏఎంటీలో అయితే దీనికి అర్థమే లేదు. ఇంజను నడుస్తున్నంతసేపు కారును గేరుతో కట్టివేయలేం. ఉంటే ‘ఎన్’లో వదులుగా ఉంటుంది, లేదా ‘డి’లో ముందుకు పోవడానికి సిద్ధంగా ఉంటుంది. తాళం తీసి దిగితేనే అది పార్కింగ్.

ఇంజను ఆపి పిల్లల్ని లోపల వదిలితే ఏమవుతుందో మా ఆవిడ డాక్టరుగా చెప్పే మాట రాస్తున్నాను. ఎండలో మూసి ఉంచిన కారు లోపల పది నిమిషాల్లోనే సుమారు పదకొండు డిగ్రీల వేడి పెరుగుతుంది. బయట 42 ఉంటే లోపల 50 దాటుతుంది. అద్దం ఒక అంగుళం దించినా పెద్ద తేడా ఉండదు. పసిపిల్లల ఒంటి వేడి పెద్దవాళ్ళకంటే మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా పెరుగుతుంది. వదీమా చట్టంగా మనమంతా ఎరిగిన 2016 నాటి బాలల హక్కుల చట్టం ఈ దేశంలో పిల్లల పట్ల ఇలాంటి నిర్లక్ష్యాన్ని నేరంగా చూస్తుంది. చట్టం మాట ఎలా ఉన్నా, పెరుగు కోసం పిల్లల్ని వెంట తీసుకెళ్ళడం పెద్ద శ్రమేమీ కాదు.

సెల్లారు ర్యాంపు అనే పరీక్ష

దుబాయ్‌లో లైసెన్సు తీసుకున్న మనందరికీ యార్డు పరీక్ష గుర్తుండే ఉంటుంది. వాలు మీద ఆపి వెనక్కి జారకుండా మళ్ళీ కదలడం, పక్కకు పెట్టడం, గ్యారేజీలోకి వెనక్కి పెట్టడం. ఆ పరీక్షలో మనల్ని చెమటలు పట్టించిన వాలు, హైదరాబాదు అపార్ట్‌మెంటు సెల్లారు ర్యాంపు ముందు తేలిపోతుంది. ఆ ర్యాంపు ఇరుకు, నిటారు, పైన గేటు దగ్గర ఒక బంపు, ఆ వెనుకే రోడ్డు.

టార్క్ కన్వర్టర్ కారు బ్రేకు వదలగానే నెమ్మదిగా పాకుతుంది. దీన్నే క్రీప్ అంటారు. ఏఎంటీ కూడా పాకుతుంది గానీ, అది క్లచ్‌ను సగం కలిపి, సగం జార్చి చేసే ఏర్పాటు. చదును నేల మీద సరిపోతుంది, నిటారు ర్యాంపు మీద సరిపోదు. తొలి రోజుల్లో కొన్ని కార్లలో అసలు ఉండేదే కాదు. బ్రేకు మీంచి కాలు తీసి యాక్సిలరేటరు మీద పెట్టేలోపు కారు అడుగో రెండడుగులో వెనక్కి జారవచ్చు. హిల్ హోల్డ్ ఉన్న కారైతే రెండు క్షణాలు పట్టి ఉంచుతుంది. లేకపోతే పాత పద్ధతే శరణ్యం. హ్యాండ్ బ్రేకు లాగి, యాక్సిలరేటరు మెల్లగా తొక్కి, కారు ముందుకు లాగుతున్నట్టు అనిపించగానే హ్యాండ్ బ్రేకు వదలాలి.

ముందు కారు కదలక ర్యాంపు మధ్యలో ఆగవలసి వస్తే, యాక్సిలరేటరు కొంచెం కొంచెం తొక్కుతూ కారును గాలిలో నిలబెట్టే పని మాత్రం చేయకండి. నూనె ఉన్న ఆటోమేటిక్ కొంతసేపు దాన్ని ఓర్చుకుంటుంది. ఏఎంటీలో పొడి క్లచ్ పళ్ళెం రాసుకుని రాసుకుని కాలిపోతుంది. మాడిన వాసన వచ్చిందంటే తమ్ముడికి బిల్లు రాబోతున్నట్టే.

ఇంకొక ముఖ్యమైన జాగ్రత్త. పార్కింగ్ గడిలో చివర సిమెంటు దిమ్మకో, చిన్న బంపుకో చక్రం తగిలి కారు ఆగుతుంది. పాకడం చాలదు గదా అని యాక్సిలరేటరు నొక్కుతాం. అది ఒక్కసారిగా దిమ్మ ఎక్కి దూకుతుంది. ఎదురుగా ఉండేది గోడో, స్తంభమో, ఒక్కోసారి ‘రైట్ రైట్’ అంటూ చేతులు ఊపుతున్న మనిషో. అందుకే పార్కింగ్ చివరి రెండు మీటర్లు బ్రేకు కాలిదే. అడ్డం తగిలితే ఆగిపోండి. తప్పనిసరి అయితే హ్యాండ్ బ్రేకు కొంచెం పట్టి ఉంచి ముందుకు వెళ్ళండి. మనుషుల్ని మాత్రం కారుకూ గోడకూ మధ్య నిలబెట్టకండి.

“న్యూట్రల్‌లో పెట్టండి సార్!”

సెల్లారులో చోటు చాలక ఒక కారు వెనుక ఇంకో కారు పెట్టడం మన ఊళ్ళలో మామూలే. అప్పుడు వాచ్‌మన్ వచ్చి, “న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు తీసేయండి సార్, పొద్దున్నే నేను తోసుకుంటాను” అంటాడు. ‘పి’లో పెట్టిన కారైతే అది కుదరదు. ఏఎంటీలో కుదురుతుంది. కానీ ‘ఎన్’లోకి తెచ్చిన తరువాతే ఇంజను ఆపాలి. గేరులో ఆపేసి తరువాత కడ్డీని ‘ఎన్’లోకి తోసినంత మాత్రాన లాభం లేదు. కరెంటు లేనిదే నౌకరు పనిచేయడు. అందుకే బ్యాటరీ చచ్చిపోయిన ఏఎంటీ గేరులోనే బిగుసుకుని ఉంటుంది. దాన్ని లాక్కెళ్ళాలంటే ముందు చక్రాలు పైకెత్తాలి.

వాచ్‌మన్ మాట చదును నేల మీద మాత్రమే వినండి. విన్నప్పుడు చక్రానికి ముందూ వెనుకా ఇటుకో రాయో పెట్టించండి. నేల చదునా కాదా అన్న అనుమానం వస్తే ఒక నీళ్ళ సీసా పడుకోబెట్టి చూడండి. అది దొర్లితే కారు కూడా దొర్లుతుంది.

కొండ మీద ఈ కారే నయం

ఇంతవరకు హెచ్చరికలే చెప్పాను గనుక దాని మంచి కూడా చెప్పాలి. సెలవుల్లో మనం తిరుమల వెళ్ళకుండా ఉండం. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. దిగేటప్పుడు ‘డి’లో వదిలేసి బ్రేకు తొక్కుతూ వస్తే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. కడ్డీని ‘ఎం’లోకి మార్చి రెండో గేరులో ఉంచండి. లోపలున్నది నిజమైన గేరు, నిజమైన క్లచ్ కనుక ఇంజనే కారును పట్టి ఆపుతూ వస్తుంది. బ్రేకు మలుపుల దగ్గర మాత్రమే అవసరపడుతుంది. ఘాట్‌లో న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు మిగులుతుందని చెప్పేవాళ్ళ మాట వినకండి.

కొండ దారుల్లో అనుమతి ఉన్నచోట వాలు మీద ఆపవలసి వస్తే ముందు చక్రాలు తిప్పి ఉంచండి. మన దేశంలో ఎడమ పక్కన ఆపుతాం గనుక, దిగువకు ముఖం ఉంటే చక్రాలు ఎడమకు, అంచు గట్టు వైపు. ఎగువకు ముఖం ఉండి పక్కన గట్టు ఉంటే కుడికి. కారు జారినా చక్రం గట్టుకు తగిలి ఆగుతుంది. గట్టు లేకపోతే ఎటు ముఖమున్నా ఎడమకే, కారు జారినా రోడ్డు మధ్యకు రాకుండా. ఎడమన లోయ ఉన్నచోట మాత్రం అసలు ఆపనే వద్దు.

చేతులు మారిన కారు

ఇక్కడ మనం ఎడమ సీటులో కూర్చుని కుడిచేత్తో గేరు వేస్తాం. అక్కడ కుడి సీటు, ఎడమ చెయ్యి. రోడ్డు మీద ఒకటి రెండు రోజుల్లో అలవాటైపోతుంది గానీ, పార్కింగ్‌లో అంత సులువుగా పోదు. మనకు దూరంగా ఉన్న మూల ఎప్పుడూ మోసం చేస్తుంది. నైఫ్‌లో కుడివైపు ముందు మూల, గుంటూరులో ఎడమవైపు ముందు మూల. మొదటి రోజు ఖాళీ స్థలంలో రెండు మూడుసార్లు పెట్టి తీసి, దిగి చూసుకుంటే అంచనా కుదురుతుంది. అడగడానికి మొహమాటపడి అద్దం గీకించుకోవడం కంటే ఇది గౌరవం.

నైఫ్ సందుల్లోనైనా మన ఊరి బజారులోనైనా వీలున్నప్పుడు వెనక్కి పెట్టడమే మంచిది. వెనక్కి పెట్టేటప్పుడు చూసుకునే ఖాళీ గడి ఒక్కటే. ముందుకు పెట్టి వెనక్కి తీసేటప్పుడైతే బురఖాల షాపులోంచి వచ్చే కుటుంబాలు, కార్గో పెట్టెలు పేర్చుకుని తోపుడు బండితో పరుగెత్తే కూలీలు, వీధి అటు నుంచి ఇటు దూకే పిల్లలు, అందరూ వెనక నుంచే వస్తారు. వెనుక కెమెరా ఉందిగా అంటారు. ఒక్క ఇసుకగాలి చాలు, దాని కంట్లో దుమ్ము కొట్టడానికి.

రెండు కార్ల మధ్య పక్కకు పెట్టాలంటే ఖాళీ మన కారుకు ఒకటిన్నర రెట్లు ఉండాలని పాత లెక్క. సెలెరియో లాంటి కారు పొడవు నాలుగు మీటర్లలోపే, 4.7 మీటర్ల వ్యాసార్ధంలో తిరిగేస్తుంది. చిన్నకారు పెద్ద వరం ఇదే. ముందుకూ వెనక్కూ సర్దేటప్పుడు ‘డి’కీ ‘ఆర్’కీ మధ్య ప్రతిసారీ కారును పూర్తిగా ఆపండి, గుర్తు పడేదాకా బ్రేకు వదలకండి. తొందరలో కడ్డీ అటూ ఇటూ కొడితే, మనం వెనక్కి అనుకున్నది ముందుకు పోవచ్చు. దిగేటప్పుడు తలుపును దూరపు చేత్తో తీయండి, ఇక్కడ కుడిచేత్తో, అక్కడ ఎడమచేత్తో. అప్పుడు ఒళ్ళు తనంతట తానే వెనక్కి తిరుగుతుంది, వచ్చే సైకిలు కంటబడుతుంది.

చివరిగా తాళాలు ఇచ్చే తమ్ముళ్ళకూ, తీసుకునే అన్నయ్యలకూ ఒక విన్నపం. కారు చేతులు మారేటప్పుడు “ఆటోమేటిక్” అన్న ఒక్క మాటతో సరిపెట్టకండి. “ఇందులో పి లేదు, గేరులో ఆపి హ్యాండ్ బ్రేకు లాగాలి” అని రెండో మాట కూడా చెప్పండి. అమ్మకూ నాన్నకూ ఎవరైనా కొత్త కారు కొనిపెడుతుంటే వాళ్ళ పక్కన కూర్చుని ఆ ఐదు మెట్లూ నాలుగు రోజులు చేయించండి. సెలవులకు వెళ్ళేముందు ఈ పేజీ చించి పాస్‌పోర్టులో పెట్టుకున్నా సంపాదకులు ఏమీ అనుకోరు.

సభ్యులందరి ఇళ్ళకూ పండుగ శుభాకాంక్షలు. పండుగ సాయంత్రం నైఫ్‌లో అందరికీ త్వరగా చోటు దొరకాలని కోరుకుంటూ సెలవు.